గుమ్మడికాయకి మొదటి గాటు

డాక్టర్ సౌదామినికి గుమ్మడికాయ గొప్పతనం తెలిసింది ఒక గురువారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒక ఏసీ హాల్లో. అంతకుముందు యాభై రెండేళ్ళుగా ఆవిడ గుమ్మడికాయ తింటూనే ఉంది గానీ, కూర అనుకుని తింది. పౌష్టికాహారం మీద మూడు రోజుల వర్క్‌షాపులో ఎవరో స్లయిడ్ వేసి, ఆ పసుపు కండలో బీటా కెరోటిన్ ఉంటుందనీ, అది ఒంట్లోకెళ్ళి విటమిన్ ఎ అవుతుందనీ, కంటికి మంచిదనీ, పీచూ పొటాషియమూ కూడా ఉన్నాయనీ చెప్పేసరికి ఆవిడకి ఒళ్ళు పులకరించింది. వాళ్ళు చెప్పినదంతా నిజమే. నిజం కాబట్టే తర్వాత ఎవరూ ఆవిణ్ణి ఆపలేకపోయారు.

సౌదామిని జిల్లా పౌష్టిక సమన్వయ సంస్థకి ప్రాజెక్ట్ డైరెక్టర్. డాక్టరేట్ రొయ్యల పెంపకంలో. ఆ సంస్థ కింద నలభై మూడు ఆడపిల్లల హాస్టళ్ళున్నాయి. నిరుడు మునగాకు సంవత్సరం. అంతకుముందు రాగిజావ సంవత్సరం. ఏ సంవత్సరమూ మొదలైనంత ఘనంగా ముగియలేదు, ఎందుకంటే ముగింపు సభకి బడ్జెట్ ఉండదు.

సోమవారం పొద్దున్నే ఆవిడ మంజూషని పిలిపించింది.

మంజూష బీటెక్ కంప్యూటర్స్ చదివింది. ఆ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి, అంటే ప్రతి మార్చి నెలాఖరుకి ఉద్యోగం పోయి ఏప్రిల్లో మళ్ళీ వచ్చే మనిషి. ఆమె కుర్చీ ప్రింటరుకీ మంచినీళ్ళ క్యానుకీ మధ్యన. ఎవరికి దాహమేసినా లేచి జరగాలి.

"మంజూషా, రేపట్నుంచి జిల్లాలో గుమ్మడి విప్లవం," అంది సౌదామిని. "యాప్ కావాలి."

"ఎప్పటికి మేడం?"

"రేపట్నుంచి అన్నాను కదా."

"పిల్లలు తిన్నారో లేదో యాప్‌కి ఎలా తెలుస్తుంది మేడం?"

సౌదామిని జాలిగా చూసింది. "ఇంజనీరింగ్ చదివింది నువ్వా, నేనా? వార్డెన్లు కంచాల ఫోటో పెడతారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ చూసుకుంటుంది."

ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌కి ఆ ఆఫీసులో ఇచ్చిన గడువు ఒక రోజున్నర. కాబట్టి మంజూష ముప్ఫై లైన్ల కోడ్ రాసింది. ఫోటోలో నారింజ రంగు ఎంత శాతం ఉందో అది లెక్కపెడుతుంది. నలభై దాటితే హాస్టల్ పేరు పక్కన పచ్చదీపం, తగ్గితే ఎర్రదీపం. దాన్ని పాత హాజరు యాప్‌కి అతికించింది. ఆ పాత యాప్‌లో రెండేళ్ళ కిందట ఎవరో పెట్టిన 'బాలికా భద్రత' అనే విభాగం ఒకటుంది. ఏ ఫోటోలోనైనా మగవాడి ముఖం కనిపిస్తే అలారం కొడుతుంది. దాన్ని తీసెయ్యడానికి ఎవరి సంతకం కావాలో ఎవరికీ తెలియకపోవడంతో అది అలాగే ఉండిపోయింది.

సర్క్యులర్ మాత్రం సూపరింటెండెంట్ వరాహమూర్తి రాశాడు. ఆయన మామూలుగా మాట్లాడితే మనిషిలాగే మాట్లాడతాడు. పెన్ను పట్టుకుంటే వేరే.

"ఇందుమూలముగా యావన్మంది వార్డెన్లకు తెలియజేయునది ఏమనగా, వారమునకు ఐదు దినములు గుమ్మడి తప్పనిసరిగా వడ్డించవలెను. సరఫరాదారు నుండి కాయను కోయని రూపంలోనే స్వీకరించవలెను. తినుటకు నిరాకరించు బాలికలకు గుమ్మడి ప్రయోజనములు బోధించి, తదుపరి తినిపించి, తదుపరి ఛాయాచిత్రము తీయవలెను. ఇందులో ఎట్టి అలసత్వమూ సహించబడదు."

ఆఫీసులో కూడా విప్లవం వచ్చింది. ఐడీ కార్డుల తాళ్ళు నారింజ రంగుకి మారాయి. ఫైలు పని మీద వచ్చినవాళ్ళకి కాఫీ బదులు గుమ్మడి జ్యూస్ ఇవ్వడంతో ఫైళ్ళ కోసం వచ్చేవాళ్ళు సగానికి తగ్గారు. దాన్ని సౌదామిని "పారదర్శకత వల్ల అర్జీల తగ్గుదల" అని రిపోర్టులో రాయించింది. న్యూట్రిషన్ కన్సల్టెంట్ లిఖిత, రాజధాని నుంచి నెలకి పది రోజులు వచ్చే అమ్మాయి, గుమ్మడి తింటే కంటిచూపు బాగుపడుతుంది, చూపు బాగుంటే బోర్డు బాగా కనిపిస్తుంది, బోర్డు కనిపిస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయి అని బాణం గుర్తులతో ఒక చార్టు వేసింది. మూడో బాణం చూసి వరాహమూర్తి, "అమ్మా, ఈ లెక్కన టెన్త్ రిజల్ట్స్ కూడా మన ఖాతాలోకే వస్తాయి కదా!" అని చప్పట్లు కొట్టాడు.

పది రోజులకి డాష్‌బోర్డు పచ్చగా కళకళలాడింది.

మంజూష మాత్రం ఒక మధ్యాహ్నం ఊరికే ఫోటోలు తెరిచి చూసింది. మొదటి ర్యాంకు హాస్టల్, తొంభై ఆరు శాతం: కంచం కింద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ నారింజ రంగు, కంచంలో పెరుగన్నం. రెండో ర్యాంకు: నారింజ రంగు బకెట్, ఖాళీది. అయిదో ర్యాంకు వార్డెన్ తన పట్టుచీర కొంగునే కెమెరాకి అడ్డం పెట్టింది. ఆ ముగ్గురికీ అప్పటికే 'గుమ్మడి రత్న' ప్రశంసాపత్రాలు వెళ్ళిపోయాయి.

ఎర్రదీపం ఒక్కటే ఉంది. నీలివలస. మూడు శాతం.

"ఆ మూడు శాతం కూడా ఎక్కణ్ణుంచి వచ్చిందో కనుక్కో," అంది సౌదామిని. "ఫీల్డ్ వెరిఫికేషన్‌కి వెళ్ళు. ఒక్క హాస్టల్ జిల్లా సగటుని పాడుచేస్తోంది."

నీలివలసకి రెండు బస్సులు మారి వెళ్ళాలి. మంజూష చేరేసరికి భోజనాల వేళ. వరండాలో బారుగా కూచున్న అరవై మంది ఆడపిల్లలు కంచాలు నాకుతున్నారు. నిజంగానే, నాలుకతో.

"ఒలే, కంచం అరిగిపోద్ది, వదిలీండే!" అని వంటగదిలోంచి ఎవరో కేకేశారు. ఆ కేకేసిన మనిషి గవరమ్మ. ఇరవై రెండేళ్ళుగా అక్కడ వంట చేస్తోంది. కొప్పులో బొగడపువ్వు, చేతిలో గరిటె.

"ఏటమ్మా, జిల్లా నుండొచ్చారా? ముందు తినండి. తినకుండా రాసిన రిపోర్టు నాను ఒప్పను."

కంచంలో వేసింది చూసి మంజూషకి విషయం అర్థమైపోయింది. గుమ్మడికాయ పులుసు. చింతపండు, బెల్లం, ఇంగువ పోపు. ముక్క నోట్లో పెడితే వెన్నలా కరిగింది. కానీ రంగు గోధుమ. ఆ చింతపండు కింద ఎంత బీటా కెరోటిన్ ఉన్నా ముప్ఫై లైన్ల కోడ్‌కి అది బురద.

"పెద్దమ్మా, ఇంకాస్త వెయ్యండి," అంది మంజూష. అది ఫీల్డ్ వెరిఫికేషన్‌లో రెండో దశ.

తిన్నాక విషయం చెప్పింది. వార్డెన్ ప్రసూనాంబ తల పట్టుకుంది. "జిల్లా మొత్తంలో పిల్లలు నిజంగా గుమ్మడికాయ తింటున్నది మా దగ్గరే అని నేను గుండెల మీద చెయ్యేసుకుని చెప్తాను. మాకేనా ఎర్రదీపం?"

"చింతపండు మానీమంటారేటి?" అడిగింది గవరమ్మ. "మానీస్తే ఈ ఆడగుంటలు ముట్టరు. ఆ పచ్చిముద్ద ఆళ్ళకి నచ్చదు. మీ మేడమ్ముకి నచ్చుద్దేమో, అంపించమంటారా?"

మంజూషకి అప్పుడొక ఉపాయం తట్టింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఉపాయాన్ని తలుచుకుని తనని తాను తిట్టుకుంది. "వండాక కదా రంగు మారేది. కోసేటప్పుడు నారింజగానే ఉంటుంది. కోస్తున్నప్పుడు ఫోటో తీసి పెట్టండి."

ఆఫీసుకొచ్చి అదే చెప్పింది. సౌదామినికి తెగ నచ్చింది. "ఛేదన దశ ఛాయాచిత్రం! ఎండ్ టు ఎండ్ మానిటరింగ్!" అంటూ నలభై మూడు హాస్టళ్ళకీ సర్క్యులర్ పంపించింది.

మర్నాడు ఉదయం ఏడుంబావుకి నీలివలస ఫోటో వచ్చింది. రెండు చెక్కలైన గుమ్మడికాయ, లోపల సూర్యుడిలా వెలుగుతోంది. డెబ్భై ఒక్క శాతం. మంజూష టీ కప్పుతో "హమ్మయ్య" అనుకుంటుండగానే స్క్రీను ఎర్రబడి సైరన్ మోగింది.

ఫోటోలో గుమ్మడికాయ వెనకాల, చేతిలో కత్తితో, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ ఒక మగమనిషి ఉన్నాడు.

'బాలికా భద్రత' విభాగం పుట్టిన రెండేళ్ళలో మొదటిసారి పనిచేసింది. నాలుగు నిమిషాల్లో నోటీసు దానంతటదే తయారై, సౌదామిని డిజిటల్ సంతకంతో, నీలివలస వార్డెన్ ఫోన్‌కి వెళ్ళిపోయింది. ఫోటో వంట విభాగంలో చేరింది కాబట్టి బాధ్యురాలు వంటమనిషే అయింది. వంటమనిషి గవరమ్మ బాలికల వసతి గృహ ప్రాంగణంలోకి అపరిచిత పురుషుణ్ణి అనుమతించినందుకు ఆమెను విధుల నుంచి ఎందుకు తొలగించరాదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.

మంజూష ఫోన్ చేసింది. ప్రసూనాంబ తీసి, వెంటనే గవరమ్మకిచ్చింది.

"ఆయన సింహాద్రి తల్లీ. పాలు పోసే సింహాద్రి. పదేళ్ళుగా గేటు దగ్గరికొచ్చి పోస్తాడు. గుమ్మడికాయకి ఆడది ముందుగా కత్తి పెట్టదు కదా. ఇంటికి పెద్దకొడుకుతో సమానం అది. ఒక్క గాటు మగోడు పెట్టీస్తే, ఆ తర్వాత నాను ఎన్ని ముక్కలంటే అన్ని ముక్కలు సేసీగలను. మరి ఇక్కడ మగపురుగు లేదు. అందుకని గేటు దగ్గరే, బయట బండ మీద పెట్టి కోయించాను. లోపలికి అడుగు పెట్టలేదు."

"మరి ఫోటో?"

"ఫోటో నానే తీసాను. కోస్తున్నప్పుడు తీమన్నారు కదా." గవరమ్మ గొంతు ఇంకా దగ్గరగా వినపడింది. "తల్లీ, పని పోతే పోనీ. కూలికెళ్తాను. కానీ ఆ మాట కాయితం మీద రాయనీకండి. మగోణ్ణి ఆడపిల్లల హాస్టల్లోకి రానిచ్చింది అని రాసీసారనుకో, ఊర్లో నాను తలెత్తుకోలేను. ఈ గుంటల అమ్మలు నన్ను సూసి ఏటనుకుంటారు? నన్ను నమ్మే కదా ఇక్కడ దించీసి ఎల్తన్నారు."

మంజూష ఫోన్ పెట్టేసి తన కోడ్ తెరిచి చూసింది. ముప్ఫై లైన్లు. అందులో ఒక్క లైనైనా గవరమ్మని ఒక్క మాట అడగలేదు.

సౌదామినికి చెబితే ఆవిడ సానుభూతిగానే విన్నది. "నాకు ఆవిడ మీద కోపం లేదు. కానీ సిస్టమ్ జనరేటెడ్ నోటీసు. సిస్టమ్‌ని నేను ఎలా కాదంటాను?"

"సిస్టమ్ రాసింది నేనే మేడం. అది పొరపాటు."

"నువ్వు రాసింది అప్లికేషన్. సిస్టమ్ అంటే వ్యవస్థ. దానికి విచారణ తప్ప మార్గం లేదు."

మూడో రోజు విచారణ. కమిటీలో ముగ్గురు. ఛైర్‌పర్సన్ సౌదామిని, సభ్యులు వరాహమూర్తి, లిఖిత. మంజూష ల్యాప్‌టాప్‌తో మూలన కూచుని మినిట్స్ టైపు చెయ్యాలి. గవరమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. ఎవరూ కూచోమనలేదు. పక్కనే సాక్షిగా ప్రసూనాంబ.

బల్ల మీద గుమ్మడికాయ. రైతుబజారు నుంచి తెప్పించారు. ఆరు కిలోలుంటుంది. వరాహమూర్తి దానికి దారం కట్టి, చీటీ అంటించి, 'వస్తు సాక్ష్యం ఒకటి' అని రాశాడు. పక్కన క్యాంటీన్ కత్తి. అది వస్తు సాక్ష్యం రెండు.

"గవరమ్మా, ఫలానా తేదీన ఒక పురుషుణ్ణి హాస్టల్ దగ్గరికి పిలిచింది నిజమేనా?" అడిగింది సౌదామిని.

"నిజమేనమ్మా. గుమ్మడికాయ కొయ్యడానికి."

"గుమ్మడికాయ కొయ్యడానికి పురుషుడు అవసరమా?"

"ఆడోళ్ళు ముందు కొయ్యకూడదు కదమ్మా."

సౌదామిని కుర్చీలో ముందుకి వంగింది. ఇలాంటి జవాబు కోసమే ఆవిడ ఎదురుచూస్తోంది. "మంజూషా, రికార్డు చెయ్యి. ఇటువంటి ఆచారం ఏదీ ఈ సంస్థ రికార్డుల్లో లేదు. శాస్త్రీయ దృక్పథం మన ప్రాథమిక కర్తవ్యం. గుమ్మడికాయ కొయ్యడానికి మగవాడు అవసరం లేదు. అవసరం లేని పనికి మగవాణ్ణి పిలవరు. కాబట్టి ఆ పురుషుడు గుమ్మడికాయ కొయ్యడానికి రాలేదు. మరి ఎందుకు వచ్చాడు? అదీ ఈ కమిటీ తేల్చవలసిన అంశం."

"ఆహా," అన్నాడు వరాహమూర్తి. "లాజిక్ అంటే అదీ!"

ప్రసూనాంబ ఏదో అనబోతే సౌదామిని చెయ్యెత్తి ఆపింది.

"అమ్మా," అంది గవరమ్మ. "ఆచారం లేదంటున్నారు. మీరు సదూకున్నోళ్ళు, మీరంటే లేదనే నమ్ముతాను. ఆ కాయకి మీరొక్క గాటు పెట్టండి. పెట్టీసాక నాది తప్పని ఒప్పీసుకుని, వేలిముద్ర ఏసి ఎల్లిపోతాను."

సౌదామిని కాయ వైపు, తర్వాత కత్తి వైపు చూసింది.

"సరే," అంది సౌదామిని. "ఇది ప్రయోగాత్మక పరిశీలన. రికార్డు చెయ్యి మంజూషా. లిఖితా, మీరు కొయ్యండి."

లిఖిత కుర్చీ రెండంగుళాలు వెనక్కి జరిపింది. "మేడం, నా టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్ చూడండి. నా డొమైన్ పోస్ట్ కటింగ్. కోసిన తర్వాత పోషక విలువలు. కట్ చెయ్యడం స్కోప్‌లో లేదు."

"స్కోప్ పెంచుతున్నాను."

"అంటే..." లిఖిత గొంతు తగ్గించింది. "మా అత్తగారికి తెలిస్తే ఇంట్లో ఉండనివ్వరు మేడం. ప్లీజ్."

"ఏం, గుమ్మడి ప్రయోజనాల చార్టు వేసినప్పుడు లేదా అత్తగారు?"

"చార్టులో కత్తి లేదు మేడం."

"వరాహమూర్తిగారూ, మీరు."

వరాహమూర్తి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మేడం, మగవాడు కోస్తే ఆవిడ వాదనే నెగ్గినట్టవుతుంది కదా?"

"మిమ్మల్ని మగవాడిగా అడగట్లేదు. మెంబరుగా అడుగుతున్నాను."

"చిత్తం. కానీ..." ఆయన పెన్ను లేకుండా మాట్లాడుతున్నాడు కాబట్టి మనిషిలాగే మాట్లాడాడు. "ఇంట్లో ఆవిడకి ఏడో నెల మేడం. పెళ్ళయిన పదకొండేళ్ళకి. భార్య కడుపుతో ఉంటే మొగుడు గుమ్మడికాయ పగలగొట్టకూడదంటారు. నాకు నమ్మకముందని కాదు. కానీ ఇప్పుడే ఎందుకు పరీక్షించడం?"

గవరమ్మ చటుక్కున అంది, "నిజమే బావూ. మీరు ముట్టుకోకండి. అమ్మాయి జాగర్త."

వరాహమూర్తి ఆమెకి దణ్ణం పెట్టబోయి, ఆమె ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి అని గుర్తొచ్చి చేతులు జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరో ఒక అటెండర్ని పిలిస్తే?" అన్నాడు.

"అటెండరు మగవాడు! మనం కూడా మగవాణ్ణి పిలిచామని రికార్డవుతుంది!"

"నేను కోస్తాను మేడం," అంది మంజూష మూలనుంచి.

సౌదామిని అటు తిరిగి కూడా చూడలేదు. "నువ్వు ఔట్‌సోర్సింగ్. నీ కోత చెల్లదు. కాంపిటెంట్ అథారిటీ కొయ్యాలి."

కాంపిటెంట్ అథారిటీ అంటే ఆ గదిలో ఇంక ఒక్కరే మిగిలారు. అయిదుగురూ ఆవిడ వైపు చూశారు. గుమ్మడికాయ కూడా ఆవిడ వైపే చూస్తున్నట్టుంది.

సౌదామిని కత్తి చేతిలోకి తీసుకుంది. కత్తిని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. కాయ మీద కత్తి ఆనించింది. దాని మొన ఒక చోట ఆగింది. అలా ఎంతసేపు ఆగిందో మంజూష స్క్రీను మీద గడియారంలో చూసింది. నలభై సెకన్లు.

"ఈ కత్తి స్టెరిలైజ్ చేశారా?" అడిగింది సౌదామిని.

"కడిగాం మేడం. సబ్బుతో," అన్నాడు వరాహమూర్తి.

ఆవిడ కత్తి బల్ల మీద పెట్టేసింది. "ఛైర్‌పర్సన్ స్థాయిలో ఆపరేషనల్ పనులు చెయ్యకూడదు. అది ప్రోటోకాల్‌కి విరుద్ధం." తర్వాత ఎవరికీ వినపడకూడదన్నట్టు, కానీ అందరికీ వినపడేలా, అంది: "వచ్చే బుధవారం మా పెద్దాడికి ఇంటర్వ్యూ ఉంది."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే ప్రోటోకాల్‌కి విరుద్ధం.

"సరే," అంది సౌదామిని గొంతు సవరించుకుని. "ప్రయోగం ఇంతటితో ముగిసింది. మంజూషా, విచారణ ముగింపు ఫారం నింపు. ఆరోపణ రుజువైంది అని రాసెయ్యి."

మంజూష ఫారం తెరిచింది. మునగాకు సంవత్సరంలో వార్డెన్లు ఖాళీ ఫారాలు పంపుతున్నారని, ప్రతి కాలమూ తప్పనిసరి చెయ్యమని సౌదామినే ఆర్డరు వేసింది. కాలం ఖాళీగా వదిలితే ఫారం ముందుకి కదలదు.

"మేడం, ప్రయోగాత్మక పరిశీలన జరిగిందా అని అడుగుతోంది. మీరే రికార్డు చెయ్యమన్నారు కాబట్టి 'జరిగింది' అని పెట్టాను."

"ఊఁ."

"కాయ కోశారా, కోయలేదా?"

"కోశామనే పెట్టు. ఏముంది అందులో?"

"కోశాం అంటే ఫోటో అడుగుతోంది మేడం. ఛేదన దశ ఛాయాచిత్రం. మీ సర్క్యులరే."

సౌదామిని గుమ్మడికాయ వైపు చూసింది. అది చీటీతో, దారంతో, ఒక్క గీతైనా లేకుండా గుండ్రంగా ఉంది.

"కోయలేదని పెట్టు."

"పెట్టాను. ఇప్పుడు కారణం అడుగుతోంది మేడం. కమిటీ సభ్యులు ఒక్కొక్కరికీ వేరువేరు కాలం ఉంది. మీకు ప్రోటోకాల్ అని రాయనా? ఇంటర్వ్యూ అని రాయనా?" మంజూష గొంతులో వినయం తప్ప ఇంకేమీ లేదు. "లిఖిత గారికి అత్తగారు అని రాశాను. వరాహమూర్తిగారికి ఏడో నెల అని రాశాను. ఇవి నింపితే కింద సిస్టమ్ ముగింపు వాక్యం దానంతటదే వేస్తుంది."

"ఏమని వేస్తుంది?"

మంజూష చదివింది. "'కమిటీ సభ్యులెవరూ స్వయంగా గుమ్మడికాయ కోయలేకపోయినందున, దానిని కోయుటకు బయటి వ్యక్తి సహాయం అవసరమని నిర్ధారణ అయినది.' కింద మీ ముగ్గురి డిజిటల్ సంతకాలు కావాలి మేడం. ముందు మీది."

ఆ వాక్యం సిస్టమ్ వేసిందా, మంజూష వేసిందా అని ఎవరూ అడగలేదు. ఆ గదిలో సిస్టమ్ గురించి ప్రశ్న అడిగే స్థాయి ఎవరికీ లేదు. లిఖిత ఫోన్ వైపు చూసుకుంటోంది. వరాహమూర్తి, "మా ఇంటావిడ సంగతి పోర్టల్లో పడితే దిష్టి తగులుతుంది మేడం, నేను సంతకం పెట్టలేను," అన్నాడు.

సౌదామిని ఆలోచించింది. ఆవిడ తెలివైన మనిషి. తెలివి అంతా ఒక గోడకి తగిలినప్పుడు ఎటు తిరగాలో ఆవిడకి ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు నేర్పింది.

"మంజూషా, అసలు ఆ సైరన్ ఎందుకు మోగింది?"

"ఫోటోలో మగ ముఖం కనిపించింది మేడం."

"గేటు బయట ఉన్న మనిషిని లోపల ఉన్నట్టు ఎందుకు చూపించింది?"

"యాప్‌కి గేటు ఎక్కడుందో తెలీదు మేడం."

"అంటే సాంకేతిక లోపం," అంది సౌదామిని, గుండెల మీంచి బస్తా దించుకున్నట్టు. "రాయి. సాంకేతిక లోపం వల్ల పొరపాటున జారీ అయిన నోటీసును ఉపసంహరించడమైనది. విచారణ జరగలేదు. పరిశీలన జరగలేదు. లోపానికి బాధ్యురాలైన సాఫ్ట్‌వేర్ సిబ్బందికి మెమో ఇవ్వడమైనది."

"బాధ్యురాలంటే నేనా మేడం?"

"ఇంకెవరు రాశారు అప్లికేషను?"

మంజూష తన మెమో తనే టైపు చేసింది. ఆ ఆఫీసులో ఆమె ఎప్పుడూ ఇంత సంతోషంగా ఏదీ టైపు చెయ్యలేదు. ఫారం ముందుకి కదిలింది.

వరండాలో గవరమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. మంజూష ప్రింటు తీసిన కాగితం ఇచ్చింది.

"సదివి పెట్టు తల్లీ. నాకు అచ్చరాలు తెలీవు. ఆ మాట ఉందా?"

"లేదు పెద్దమ్మా." మంజూష మొదట్నుంచీ చివరిదాకా గట్టిగా చదివింది. "సాంకేతిక లోపం అని ఉంది. తప్పు మిషన్ది."

"మిషన్ని పనిలోంచి తీసీరా?"

"మిషన్ని తియ్యరు. నాకు మెమో ఇచ్చారు."

గవరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ప్రసూనాంబ ముక్కు చీదుకుని, బస్సు టైమయిపోతోందని తొందర పెట్టింది. తను మాత్రం కొత్త రేషన్ ఇండెంట్ కోసం ఆగిపోయింది.

అంతలో వరాహమూర్తి గుమ్మడికాయని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని వచ్చాడు. "విచారణే జరగలేదు కాబట్టి ఇది వస్తు సాక్ష్యం కాదు. వస్తు సాక్ష్యం కానిదాన్ని ఆఫీసులో ఉంచే వీల్లేదు. మీరు పట్టుకుపోండి." దారం విప్పుకున్నాడు, చీటీ ఊడబెరుక్కున్నాడు, వెనక్కి వెళ్ళబోతూ ఆగి, "పులుసు పెడతారా?" అని అడిగాడు.

"అమ్మాయికి పుల్లగా తినబుద్దవుద్ది బావూ. సీసాలో పోసి అంపిస్తాను," అంది గవరమ్మ.

గవరమ్మా, ఆమెని బస్సెక్కించడానికి మంజూషా షేర్ ఆటోలో బస్టాండుకి వచ్చారు, గుమ్మడికాయ మధ్యలో కూచుంది. దిగి నాలుగడుగులు వేసేసరికి గవరమ్మ చేతులు లాగాయి. ఆరు కిలోలు.

"ఇలా ఇవ్వండి పెద్దమ్మా. ఇక్కడే రెండు చెక్కలు చేసేస్తే చెరో సంచిలో మొయ్యొచ్చు. కత్తి ఎవరినైనా అడుగుతాను, నేనే కోసేస్తాను."

గవరమ్మ కాయని దగ్గరకి లాక్కుంది. "వొద్దు తల్లీ."

"నాకా నమ్మకాలు లేవు పెద్దమ్మా."

"నాకున్నాయి కదా. నీకేటైనా అయితే నాను ఉండగలనేటి?"

మంజూష ఇంక వాదించలేదు. పొద్దున్నుంచీ విన్న కారణాలన్నిట్లోనూ అదొక్కటే ఆమె కోసం చెప్పినది.

బస్టాండు గేటు పక్కన కొబ్బరిబొండాల బండి ఉంది. బండివాడు అప్పుడే ఒక బొండాం తల చెక్కి గడ్డం కింద తుడుచుకుంటున్నాడు. గవరమ్మ కాయని బండి మీద పెట్టింది.

"బావూ, ఒక్క దెబ్బ."

అతను ఎందుకు, ఏమిటి అని అడగలేదు. కత్తి ఎత్తాడు, దించాడు. గుమ్మడికాయ రెండుగా విచ్చుకుని గింజలతో, తడితో, నారింజగా వెలిగింది. మొత్తం అర నిమిషం కూడా పట్టలేదు. ఫోటో ఎవరూ తియ్యలేదు.

"ఇంత కాయ మోసుకుని ఎక్కణ్ణుండి వొస్తన్నారమ్మా?" అడిగాడు కత్తి తుడుచుకుంటూ.

"జిల్లా ఆఫీసు నుండి బావూ."

"అంత పెద్దాఫీసులో కత్తి లేదేటి?"

"కత్తుంది," అంది గవరమ్మ, చెరో చెక్కా చెరో సంచిలో సర్దుతూ.